ఊరి పేరే చీజ్‌కు పెట్టారు.. కానీ ఆ ఊళ్లో చేసి ఆ పేరుతో అమ్మకూడదు! బ్రిటన్ వంటల వెనుక అసలు కథ ఇదీ

ఆత్రేయపురంలో చుట్టిన పూతరేకుల్ని ‘ఆత్రేయపురం పూతరేకులు’ అని అమ్మకూడదంటే ఎలా ఉంటుంది? ఊరు ఊరంతా రోడ్డెక్కదూ! సరిగ్గా ఇలాంటి పరిస్థితే ఇంగ్లండ్‌లో ఓ చిన్న ఊరికి వచ్చింది. ఆ ఊరి పేరు స్టిల్టన్. నీలి చారలుండే స్టిల్టన్ చీజ్‌కు ప్రపంచమంతా పేరుంది. కానీ స్టిల్టన్ ఊళ్లో ఎవరైనా అదే చీజ్ చేసి, అదే పేరు పెట్టి అమ్మితే చట్టవిరుద్ధం.

వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. బ్రిటన్ తిండి అనగానే మనలో చాలామందికి ఫిష్ అండ్ చిప్స్, టీ, బిస్కెట్లు గుర్తొస్తాయి. ‘ఉప్పూ కారం లేని చప్పిడి కూడు’ అని నవ్వేసేవాళ్లూ ఉన్నారు. కానీ అక్కడ జిల్లా జిల్లాకో వంట ఉంది. ఒక్కో వంట వెనుక ఓ గని, ఓ మిల్లు, ఓ పాడి రైతు కథ ఉంది. వాటిలో చాలా వంటలు ఒక దశలో కనుమరుగయ్యే దాకా వెళ్లాయి. కొన్నింటిని చట్టం నిలబెట్టింది. కొన్నింటిని ఊరి జనమే నిలబెట్టుకున్నారు. ఆ కథేంటో చూద్దాం.

స్టిల్టన్ ఊళ్లో ఏం జరిగింది?

లండన్ నుంచి ఉత్తరాన స్కాట్లండ్ వైపు వెళ్లే పాత రహదారి మీద ఉంటుంది స్టిల్టన్. రైళ్లు రాకముందు గుర్రపు బగ్గీలే దిక్కు. ఆ బగ్గీలు ఆగే మజిలీల్లో ఇదొకటి. ఊళ్లో ‘బెల్ ఇన్’ అనే సత్రం ఉండేది. గుర్రాలు మార్చుకునేలోగా ప్రయాణికులు అక్కడ భోజనం చేసేవాళ్లు, చీజ్ కొని పట్టుకెళ్లేవాళ్లు. ‘ఎక్కడిది ఈ చీజ్?’ అని ఎవరైనా అడిగితే ‘స్టిల్టన్‌లో కొన్నాం’ అని చెప్పేవాళ్లు. అలా ఆ పేరు పడిపోయింది. 1720ల్లోనే రచయిత డేనియల్ డెఫో తన యాత్రా రచనలో ఈ ఊరిని చీజ్‌కు పేరుపడ్డ ఊరిగా ప్రస్తావించాడు.

అయితే ఆ చీజ్‌లో ఎక్కువ భాగం చుట్టుపక్కల లెస్టర్‌షైర్ లాంటి కౌంటీల నుంచి వచ్చిందే. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1996లో యూరోపియన్ యూనియన్ ఈ పేరుకు చట్టపరమైన రక్షణ ఇచ్చింది. డెర్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగ్‌హమ్‌షైర్.. ఈ మూడు కౌంటీల్లో చేసిందే స్టిల్టన్ అని రాసేసింది. స్టిల్టన్ ఊరేమో కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఉంది. అంతే, పేరు ఇచ్చిన ఊరే జాబితాలో లేకుండా పోయింది.

ఊరివాళ్లు ఊరుకోలేదు. ‘ఒకప్పుడు మా దగ్గరా చేసేవాళ్లు, పాత ఆధారాలున్నాయి’ అంటూ నిబంధన మార్చమని అర్జీ పెట్టుకున్నారు. 2013లో ప్రభుత్వం దాన్ని తిరస్కరించింది. చీజ్‌కు పేరు రావడానికి కారణం ఊరు. కానీ ఆ చీజ్‌ను తరతరాలుగా చేస్తూ వచ్చింది వేరే ఊళ్లు. మరి పేరు ఎవరిది? అమ్మిన ఊరిదా, చేసిన చేతులదా? బ్రిటన్ చట్టం చేసిన చేతుల పక్షాన నిలబడింది.

చీజ్ నీళ్లతో పందులు.. పందులతో పై

ప్రాంతీయ వంట అంటే ఎవరో కూర్చుని కనిపెట్టింది కాదు. చుట్టూ ఏది దొరికితే దాన్ని వృథా పోనివ్వకుండా వాడుకోవడంలోంచి పుట్టింది. దీనికి మెల్టన్ మౌబ్రే కంటే మంచి ఉదాహరణ దొరకదు.

మెల్టన్ మౌబ్రే లెస్టర్‌షైర్‌లో ఓ సంత ఊరు. స్టిల్టన్ చీజ్ చేసే ప్రాంతం కూడా ఇదే. చీజ్ చేయాలంటే పాలు విరగ్గొట్టాలి. గడ్డ తీసుకున్నాక బోలెడు తేట నీళ్లు మిగులుతాయి. ఆ నీళ్లను పారబోయడమెందుకని రైతులు పందులకు పోసేవాళ్లు. పందులు బాగా బలిసేవి. ఆ మాంసాన్ని సన్నగా తరిగి, ఉప్పూ మిరియాలూ కలిపి, గట్టి పిండి తొడుగులో పెట్టి కాల్చేవాళ్లు. అదే పోర్క్ పై. కాలిన తర్వాత పైన చిన్న రంధ్రం చేసి, ఎముకలు ఉడికించిన రసం అందులో పోస్తారు. అది చల్లారి జెల్లీలా గడ్డకట్టి, లోపల గాలి లేకుండా చేస్తుంది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మాంసం నిల్వ ఉండడానికి వాళ్లకు తెలిసిన ఉపాయం అది.

ఆ చుట్టుపక్కల నక్కల వేటకు వచ్చే జమీందార్లు, వాళ్ల గుర్రాల కాపరులు ఈ పైలను జేబుల్లో వేసుకుని వెళ్లేవాళ్లు. 1831లో ఎడ్వర్డ్ ఆడ్‌కాక్ అనే వ్యాపారి లండన్ వెళ్లే బగ్గీల్లో వీటిని పంపడం మొదలుపెట్టాడు. అలా ఊరి తిండి కాస్తా సరుకైంది.

పేరు వచ్చాక పోటీ రాకుండా ఉంటుందా? ఎక్కడెక్కడో పెద్ద ఫ్యాక్టరీల్లో చేసిన పైల మీద కూడా మెల్టన్ మౌబ్రే పేరు కనిపించింది. స్థానిక తయారీదారులు సంఘంగా ఏర్పడి రక్షణ కోరారు. దానిపై ఓ పెద్ద కంపెనీ అభ్యంతరం చెప్పింది. వివాదం 2005లో లండన్ హైకోర్టుకు ఎక్కింది. చివరికి 2009లో రక్షణ దక్కింది. ఇప్పుడు ఆ పేరు పెట్టాలంటే ఆ ప్రాంతంలోనే చేయాలి, ఉప్పులో ఊరబెట్టని మాంసమే వాడాలి. అందుకే అసలు మెల్టన్ పై లోపల గులాబీ రంగులో ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. గోడలు కూడా నిటారుగా ఉండవు. అచ్చు లేకుండా కాలుస్తారు కాబట్టి బానపొట్టలా కాస్త బయటికి ఉబ్బి ఉంటాయి.

గని కార్మికుడి కజ్జికాయ

ఇంగ్లండ్‌కు నైరుతి కొసన ఉంటుంది కార్న్‌వాల్. తగరం, రాగి గనులకు పేరుపడ్డ ప్రాంతం. గనిలోకి దిగిన కార్మికుడు మధ్యాహ్నం పైకి వచ్చి తిని వెళ్లే వీలుండదు. చేతులు కడుక్కోవడానికి నీళ్లూ ఉండవు. కంచం అక్కర్లేకుండా, చేత్తో పట్టుకుని తినేలా ఉండే భోజనం కావాలి. అదే కార్నిష్ పాస్టీ.

చూడ్డానికి అచ్చం మన కజ్జికాయే. అర్ధచంద్రాకారం, అంచు వెంట మెలికలు తిప్పిన అల్లిక. కాకపోతే సైజు చాలా పెద్దది, నూనెలో వేయించరు, ఓవెన్‌లో కాలుస్తారు. లోపల తీపి కూర్పు ఉండదు. పచ్చి గొడ్డుమాంసం ముక్కలు, ఆలుగడ్డ, ఉల్లిపాయ, స్వీడ్ అనే టర్నిప్ లాంటి దుంప, ఉప్పు, మిరియాలు మాత్రమే ఉంటాయి. అన్నీ పచ్చిగానే పెట్టి మూసేస్తారు. కాలుతున్నప్పుడు ఆ మాంసం రసంలోనే దుంపలు ఉడుకుతాయి. ఎవరిది ఏదో గుర్తుపట్టడానికి ఇంటివాళ్లు ఓ మూలన పేరులోని మొదటి అక్షరాలు చెక్కేవాళ్లని అక్కడ చెప్పుకుంటారు.

2011లో ఈ పేరుకు రక్షణ వచ్చింది. నిబంధనలు చాలా కచ్చితం. మాంసం కనీసం 12.5 శాతం, కూరగాయలు కనీసం 25 శాతం ఉండాలి. అల్లిక అంచున పక్కకే ఉండాలి, నడినెత్తిన ఉండకూడదు. కార్న్‌వాల్‌లోనే తయారుచేయాలి. కాల్చడం మాత్రం ఎక్కడైనా కాల్చుకోవచ్చు.

ఈ పాస్టీ సముద్రాలు కూడా దాటింది. 1820ల్లో కార్న్‌వాల్ గని కార్మికులు మెక్సికోలోని వెండి గనులకు వెళ్లారు. హిడాల్గో రాష్ట్రంలో ఈ వంటను ఇప్పటికీ ‘పాస్తె’ అంటారు, మిరపకాయలు దట్టించి మరీ చేస్తారు. అదే కార్న్‌వాల్ కార్మికులు 1880ల తర్వాత మన పక్కనే ఉన్న కోలార్ బంగారు గనులకు కూడా వచ్చారు. సినిమా పుణ్యమా అని కేజీఎఫ్ పేరు తెలియనివాళ్లు ఇప్పుడు లేరు. ఆ గనులు నడిపిన బ్రిటిష్ కంపెనీ కార్న్‌వాల్ నుంచి అనుభవజ్ఞుల్ని రప్పించింది. తెలుగు, తమిళ ప్రాంతాల నుంచి వెళ్లిన వేలమంది కూలీలు వాళ్ల కింద పనిచేశారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. కార్న్‌వాల్ గనులూ అంతకుముందే మూతపడ్డాయి. గని పోయింది కానీ గనివాడి భోజనం మిగిలింది.

ముందు కడుపు నింపు.. మాంసం తర్వాత!

యార్క్‌షైర్ పుడ్డింగ్ పేరు వినగానే తియ్యటి స్వీట్ అనుకుంటాం. కానే కాదు. మైదా, గుడ్లు, పాలు కలిపిన పలుచని జారు. దాన్ని సలసల కాగే కొవ్వులో పోసి ఓవెన్‌లో పెడితే పూరీలా ఉబ్బుతుంది. పూర్వం మాంసాన్ని ఇనుప చువ్వకు గుచ్చి మంట ముందు తిప్పుతూ కాల్చేవాళ్లు. కిందికి కారే కొవ్వు వృథా కాకుండా ఓ పళ్లెం పెట్టి, అందులో ఈ జారు పోసేవాళ్లు. 1747లో హన్నా గ్లాస్ రాసిన వంటల పుస్తకంలో ఇది ‘యార్క్‌షైర్ పుడ్డింగ్’ అనే పేరుతోనే ఉంది.

దీన్ని ముందుగా వడ్డించడంలో ఓ లెక్క ఉంది. గ్రేవీతో ఈ పుడ్డింగ్ తినేస్తే కడుపు సగం నిండుతుంది. అప్పుడు ఉన్న కొద్దిపాటి మాంసం ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కరువు కాలంలో మన ఇళ్లల్లో ముందు గంజి తాగించినట్టే అనుకోండి.

పక్కనే ఉన్న లాంకషైర్ నూలు మిల్లుల గడ్డ. అక్కడి ప్రసిద్ధ వంట హాట్‌పాట్. మట్టి కుండలో గొర్రెమాంసం, ఉల్లిపాయలు వేసి, పైన ఆలుగడ్డ చక్రాల్ని పెంకుల్లా పేర్చి, సన్నటి వేడి మీద గంటల తరబడి వదిలేస్తారు. ఆడవాళ్లు కూడా పొద్దున్నే మిల్లుకెళ్లే ఇళ్లల్లో, దగ్గర నిలబడి చూసుకోనక్కర్లేని ఇలాంటి వంట ఎంత అక్కరకొచ్చేదో ఊహించుకోవచ్చు.

ఇక స్కాట్లండ్ వెళ్తే హాగిస్. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి, ఓట్స్, ఉల్లిపాయ, కొవ్వు, మసాలా కలిపి గొర్రె పొట్ట సంచిలోనే నింపి ఉడికిస్తారు. బోటీ కూర ఇష్టంగా తినే తెలంగాణవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. కోసిన జీవంలో ఏదీ పారేయకూడదన్నదే రెండు చోట్లా సూత్రం. కవి రాబర్ట్ బర్న్స్ జయంతి రోజైన జనవరి 25న హాగిస్‌కు పెద్ద పండగే చేస్తారు.

మన మిరియాల చారు వాళ్ల సూప్ అయింది

సంప్రదాయ బ్రిటన్ వంటల్లో మన వాటా కూడా ఉంది. పైన చెప్పుకున్న హన్నా గ్లాస్ పుస్తకంలోనే, 1747లోనే, ‘ఇండియా పద్ధతిలో కూర’ చేసే విధానం ఉంది. అంటే యార్క్‌షైర్ పుడ్డింగూ, కూరా ఒకే పుస్తకంలో పక్కపక్కనే అచ్చయ్యాయన్నమాట.

మన కిచిడీ అక్కడికెళ్లి ‘కెజెరీ’ అయింది. పప్పు పోయి, పొగబెట్టిన చేప, ఉడికించిన గుడ్డు వచ్చి చేరాయి. అది దొరల ఇళ్లల్లో ఉదయం టిఫిన్‌గా స్థిరపడింది. మద్రాసులో తమిళులు ‘మిళగు తన్ని’ అనేవాళ్లు. అంటే మిరియాల నీళ్లు, మన మాటల్లో మిరియాల చారు. ఆ మాటే ‘మల్లిగటానీ’ సూప్‌గా మారింది. అందులో మాంసం, కూరపొడి వేసి చిక్కటి సూప్ చేసేశారు. మన చారులో అంత చిక్కదనం ఎక్కడిది!

14 ఏళ్ల రేషన్.. ఎన్నో వంటలు మాయం

మరి ఇన్ని వంటలున్న దేశానికి ‘చప్పిడి తిండి’ అనే చెడ్డపేరు ఎందుకొచ్చింది? కారణాలు చాలానే ఉన్నాయి. పరిశ్రమలు వచ్చి జనం పల్లెలు వదలడం ఒకటి. గట్టి దెబ్బ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం కొట్టింది.

బ్రిటన్ తన తిండిలో చాలా భాగం ఓడల్లో తెచ్చుకునేది. యుద్ధంలో జర్మనీ జలాంతర్గాములు ఆ ఓడల్ని ముంచడం మొదలుపెట్టాయి. 1940 జనవరి 8న ప్రభుత్వం రేషన్ పెట్టింది. మొదట వెన్న, చక్కెర, బేకన్. తర్వాత మాంసం, టీ, చీజ్. చాలాకాలం ఒక మనిషికి వారానికి దక్కిన చీజ్ సుమారు 57 గ్రాములు. యుద్ధం 1945లో ముగిసినా రేషన్ ఆగలేదు. మాంసంపై నియంత్రణ ఎత్తేసింది 1954 జులై 4న. అంటే 14 ఏళ్లకు పైగా!

రేషన్ వల్ల ఉన్నవాడికీ లేనివాడికీ తిండి సమానంగా అందింది, ఆకలిచావులు లేకుండా గట్టెక్కారు. అది ఒప్పుకోవాల్సిందే. కానీ వంటకు మాత్రం నష్టం జరిగింది. పాలన్నీ ఒకచోట చేర్చి, ఎక్కువకాలం నిల్వ ఉండే గట్టి చీజ్‌కే మళ్లించారు. జనం దాన్ని ‘గవర్నమెంట్ చెడార్’ అనేవాళ్లు. ఊరూరా తయారయ్యే రకరకాల చీజ్‌లు ఆగిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్‌లో సుమారు 3,500 మంది తయారీదారులు ఉంటే, రెండో యుద్ధం తర్వాత 100 మంది కూడా మిగల్లేదన్నది చీజ్ చరిత్ర రాసేవాళ్లు తరచూ చెప్పే లెక్క.

ఇక్కడ అసలు నష్టం రెసిపీ పోవడం కాదు. రెసిపీ పుస్తకంలో ఉంటుంది. 1928లోనే ఫ్లోరెన్స్ వైట్ అనే ఆవిడ ఓ సంఘం పెట్టి, దేశమంతా తిరిగే పత్రికల ద్వారా పాత వంటల వివరాలు పంపమని జనాన్ని కోరింది. 1932లో వాటన్నిటినీ పుస్తకంగా వేసింది. ఆ పుస్తకం ఇప్పటికీ దొరుకుతుంది. కానీ పాలు ఎప్పుడు విరిగాయో వేలు పెట్టి చెప్పగలిగే అమ్మ, పక్కన నిలబడి చూసే కూతురు.. ఆ గొలుసు 14 ఏళ్లు తెగిపోతే? పుట్టి పెరిగిన పిల్లలకు అసలు రుచి ఎలా ఉంటుందో తెలియకుండా ఒక తరం గడిచిపోయింది. ఆవకాయకు ఉప్పు ఎంతని అడిగితే ‘చేతికి తెలుస్తుందమ్మా’ అనే అమ్మమ్మ మనకూ ఉండే ఉంటుంది. ఆ చేతికి తెలిసింది కాగితం మీదకు రాదు.

డెయిరీ మూసేశారు.. ఊరు తెరిపించింది

పోయినవి పోగా, ఎలా మిగిలాయో చెప్పే కథ యార్క్‌షైర్ కొండల్లో ఉంది. వెన్స్‌లీడేల్ అనే లోయ. అక్కడ హావ్స్ అనే చిన్న ఊరు. మధ్యయుగంలో జెర్వో మఠంలోని సన్యాసులు ఆ లోయకు చీజ్ విద్య తెచ్చారని చెబుతారు. మఠాలు మూతపడ్డాక రైతుల ఇళ్లల్లో ఆ పని కొనసాగింది. 1897లో ఎడ్వర్డ్ చాప్‌మన్ అనే ధాన్యం వ్యాపారి హావ్స్‌లో డెయిరీ పెట్టి, రైతుల దగ్గర పాలు కొని చీజ్ చేయడం మొదలుపెట్టాడు.

1930ల ఆర్థిక మాంద్యంలో ఆ డెయిరీ అప్పులపాలైంది. ఇక మూతే అనుకున్నారు. అప్పుడు కిట్ కాల్వర్ట్ అనే స్థానికుడు ముందుకొచ్చాడు. 1935లో ఊళ్లో మీటింగ్ పెట్టి, రైతుల్ని, ఊరివాళ్లను ఒప్పించి డబ్బు పోగుచేశాడు. డెయిరీ నిలబడింది.

కట్ చేస్తే 1992. అప్పటికి డెయిరీ ఓ పెద్ద సంస్థ చేతిలో ఉంది. మే నెలలో ఆ సంస్థ హావ్స్ డెయిరీకి తాళం వేసింది. 59 మంది ఉద్యోగాలు పోయాయి. వెన్స్‌లీడేల్ చీజ్ తయారీని లాంకషైర్‌కు మార్చేశారు. యార్క్‌షైర్‌కు, లాంకషైర్‌కు మధ్య పోటీ చాలా పాతది. ‘మా చీజ్ తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెడతారా?’ అని జనం భగ్గుమన్నారు.

ఆరు నెలల తర్వాత అక్కడ పనిచేసిన నలుగురు మాజీ మేనేజర్లు, ఓ స్థానిక వ్యాపారి కలిసి డెయిరీని కొనేశారు. పాత పనివాళ్లనే కొంతమందిని వెనక్కి పిలిచారు. ఆ ఏడాది క్రిస్మస్‌కు ముందే మళ్లీ చీజ్ చేయడం మొదలైంది. గమనించండి.. మూసింది ఆరు నెలలే. పని తెలిసిన చేతులు ఇంకా ఊళ్లోనే ఉన్నాయి. అదే ఇరవై ఏళ్లు గడిచి ఉంటే కొనడానికి భవనం మాత్రమే మిగిలేది.

తర్వాత ఓ అదృష్టం కలిసొచ్చింది. ‘వాలెస్ అండ్ గ్రోమిట్’ అనే యానిమేషన్ సినిమాల్లో చీజ్ అంటే పడిచచ్చే హీరో వాలెస్ ఈ వెన్స్‌లీడేల్ పేరే పలుకుతాడు. ఆ మాట పలికేటప్పుడు బొమ్మ ముఖం బాగా సాగుతుందని దర్శకుడు నిక్ పార్క్ దాన్ని ఎంచుకున్నాడు. డెయిరీ కష్టాల సంగతి ఆయనకు తెలియదు. కానీ అమ్మకాలకు అది పెద్ద ఊపునిచ్చింది.

2013లో ‘యార్క్‌షైర్ వెన్స్‌లీడేల్’ పేరుకు చట్ట రక్షణ వచ్చింది. 2021లో ఈ వ్యాపారం మళ్లీ చేతులు మారి, కెనడాకు చెందిన ఓ పెద్ద డెయిరీ సంస్థ కొనుక్కుంది. అయితే 1992కీ ఇప్పటికీ ఓ తేడా ఉంది. యజమాని ఎవరైనా సరే, ఆ పేరు కావాలంటే చీజ్ వెన్స్‌లీడేల్ లోయలోనే చేయాలి. తయారీని పక్క జిల్లాకు మారిస్తే ఆ పేరు వెంట రాదు.

చట్టం లేకపోతే ఏమవుతుంది? చెడార్‌ను చూడండి

హైదరాబాద్‌లో ఏ సూపర్ మార్కెట్‌కు వెళ్లినా చెడార్ చీజ్ ప్యాకెట్ కనిపిస్తుంది. చెడార్ అన్నది సోమర్‌సెట్ కౌంటీలోని ఓ ఊరి పేరని ఎంతమందికి తెలుసు? పేరును కాపాడుకునే చట్టం వచ్చేనాటికే ఆ చీజ్ ప్రపంచమంతా పాకిపోయింది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో, మన దేశంలో.. ఎక్కడైనా చేయొచ్చు. ‘వెస్ట్ కంట్రీ ఫామ్‌హౌస్ చెడార్’ లాంటి పొడుగాటి పేర్లకు మాత్రమే రక్షణ దక్కింది.

బ్రిటన్‌లో ఇప్పుడు రెండు రకాల ముద్రలు ముఖ్యం. మొదటిది కఠినమైనది. ముడిసరుకు నుంచి చివరి దశ దాకా అన్నీ ఆ ప్రాంతంలోనే జరగాలి. స్టిల్టన్‌కు ఉన్నది ఇదే. రెండోది కాస్త సడలింపు ఉన్నది. తయారీలో కనీసం ఒక్క దశ ఆ ప్రాంతంలో జరగాలి. పాస్టీ, పోర్క్ పై ఈ కోవలోకి వస్తాయి. స్కాట్లండ్‌లో జతలుగా కట్టి పొగబెట్టే ఆర్‌బ్రోత్ చేపలకూ ఈ రెండో ముద్ర 2004లో వచ్చింది. ఆర్‌బ్రోత్ పట్టణం నుంచి 8 కిలోమీటర్ల లోపే వాటిని తయారుచేయాలి. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక, 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ తన సొంత రిజిస్టర్ నడుపుతోంది.

చట్టానికి అందని సంగతులు

అలాగని చట్టం అన్నీ కాపాడేస్తుందా? లేదు. న్యూకాజిల్ బ్రౌన్ ఏల్ అనే బీరు కథ వినండి. 1927 నుంచి న్యూకాజిల్‌లో కాచేవాళ్లు. 2000లో ఆ పేరుకు రక్షణ తెచ్చుకున్నారు. కొన్నేళ్లకే కంపెనీ తయారీని నది అవతలి గేట్స్‌హెడ్‌కు మార్చింది. అది న్యూకాజిల్ కాదు కాబట్టి, సొంత నిబంధనే అడ్డొచ్చింది. ఏం చేశారు? తాము తెచ్చుకున్న రక్షణను తామే రద్దు చేయించుకున్నారు. పేరు మిగిలింది, ఊరితో బంధం తెగింది.

స్టిల్టన్ విషయంలో ఇంకో చిక్కుంది. నిబంధన ప్రకారం పాలు తప్పనిసరిగా పాశ్చరైజ్ చేయాలి. పాతకాలంలో పచ్చిపాలతో చేసేవాళ్లు కదా అని 2006లో నాటింగ్‌హమ్‌షైర్‌లో కొందరు పచ్చిపాలతో పాత పద్ధతిలో చీజ్ మొదలుపెట్టారు. ఆ కౌంటీ జాబితాలో ఉన్నదే. అయినా స్టిల్టన్ అనే పేరు పెట్టుకోవడం కుదర్లేదు. దాంతో ఆ ఊరి ప్రాచీన నామం వెతికి ‘స్టిచెల్టన్’ అని పెట్టారు. రక్షణ కోసం రాసుకున్న నిబంధనే పాత పద్ధతికి తలుపు మూసిందన్నమాట.

మనం దీన్నుంచి తెలుసుకోవాల్సిందేంటి?

మన దేశంలోనూ ఇలాంటి చట్టం ఉంది. 1999లో చేశారు, 2003లో అమల్లోకి వచ్చింది. జీఐ ట్యాగ్ అని మనం వినేది దీన్నే. తిరుపతి లడ్డూకు 2009లో, హైదరాబాద్ హలీంకు 2010లో, బంగినపల్లి మామిడికి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఈ గుర్తింపు దక్కింది. ట్యాగ్ వచ్చిన రోజు టీవీల్లో హడావుడి చేస్తాం, స్వీట్లు పంచుకుంటాం. బాగానే ఉంది.

కానీ హావ్స్ ఊరు చెప్పే పాఠం వేరు. ట్యాగ్ పేరును కాపాడుతుంది. బోర్లించిన కుండ మీద తడిబట్టతో పిండి లాగి, అంత పలుచని రేకు తీసే చేతుల్ని కాపాడదు. ఆ పొయ్యి సెగ దగ్గర గంటల తరబడి కూర్చున్నవాళ్లకు గిట్టుబాటయ్యే కూలి దక్కితేనే, వాళ్ల పిల్లలు ఆ పనిలోకి వస్తారు. లేదంటే పేరు రిజిస్టర్‌లో భద్రంగా ఉంటుంది, పని తెలిసినవాళ్లు ఉండరు. హావ్స్‌లో డెయిరీ మళ్లీ తెరుచుకుందంటే, 1992లో ఆ పేరుకు చట్ట రక్షణ ఇంకా రాలేదు. మనుషులు ఉన్నారు కాబట్టి తెరుచుకుంది. చట్ట రక్షణ ఆ తర్వాత 21 ఏళ్లకు వచ్చింది.

యూకేలో ఉన్న తెలుగువాళ్లు ఇవి గమనించండి

చదువుకో, ఉద్యోగానికో యూకే వెళ్లినవాళ్లు ఇవి రుచి చూడాలనుకుంటే ముందు లేబుల్ చదవండి. ‘కార్నిష్ పాస్టీ’ అని ఉంటే అందులో గొడ్డుమాంసం తప్పనిసరిగా ఉంటుంది. శాకాహారులు చీజ్, ఉల్లిపాయ పెట్టిన పాస్టీ అడగొచ్చు. యార్క్‌షైర్ పుడ్డింగ్ చూడ్డానికి శాకాహారంలా కనిపించినా అందులో గుడ్డు ఉంటుంది, సంప్రదాయ పద్ధతిలో అయితే గొడ్డు కొవ్వులో కాలుస్తారు. పోర్క్ పై తొడుగులోనూ పంది కొవ్వు ఉంటుంది. కొన్ని చీజ్‌లలో పాలు విరగడానికి జంతువుల నుంచి తీసిన పదార్థం వాడతారు. శాకాహారులకు తగినదైతే సాధారణంగా ప్యాకెట్ మీద రాసి ఉంటుంది.

ఈసారి ఎవరైనా ‘బ్రిటన్‌లో తిండేముంది?’ అంటే, హావ్స్ ఊరి కథ చెప్పండి. అలాగే ఈ పండక్కి ఇంట్లో కజ్జికాయలు చేస్తున్నప్పుడు ఫోన్ కాసేపు పక్కనపెట్టి, అంచు మెలిక ఎలా తిప్పాలో అమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో కూర్చుని నేర్చుకోండి. వీడియో తీసి దాచుకున్నా తప్పులేదు. కాకపోతే ఒకటి మీరూ తిప్పి చూడండి. మొదటిది నూనెలో విచ్చుకుపోతుంది, పదోది నిలబడుతుంది.